పుస్తకంలో లేని మంద

మా ఇంట్లో అందరికీ ఇష్టమైన కథ ఒకటుండేది. ఇప్పుడు దాన్ని ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

చెప్పేది మా నాయనమ్మ నాంచారమ్మ. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మా ఊరు రావులకుంటకు జీపొచ్చిందట. అందులోంచి టోపీ పెట్టుకున్న ఆఫీసరొకడు, చంకలో కాగితాల కట్టలతో ఇద్దరు గుమాస్తాలు దిగి, ఊరి సంగతులన్నీ రాసుకుపోవడానికి వచ్చామన్నారట. ఆ మాట వినగానే మా ముత్తాత బీరయ్య గుండెలో రాయి పడింది. సర్కారోళ్ళు గొర్రెల్ని రాసుకున్నారంటే పుల్లరి పడుతుంది, మేపినందుకు పన్ను కట్టమంటారు. ఆయన కొత్త కోడల్ని పక్కకు పిలిచి, మందను కుంట అవతలి గుట్టల్లోకి తోలెయ్యమన్నాడు. తను మాత్రం రుమాలు సవరించుకుని, ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“‘మా ఊళ్ళె గొర్లు యాడియి దొరా, మేము కూలికి పొయ్యేటోళ్ళం’ అన్నడు మా మామ. గాయన నమ్మిండు. నమ్మి, మా అత్త బెల్లమేసి కాసిచ్చిన పాలు గటగట తాగిండు. పాలు శానా చిక్కగున్నయన్నడు. అవి మందల మేకపాలు!”

అక్కడికొచ్చేసరికి నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. చుట్టాలొస్తే పనిగట్టుకుని చెప్పించుకునేవాళ్ళు. సర్కారునే బురిడీ కొట్టించిన ఇంట్లో పుట్టానని చిన్నప్పుడు నాకు గర్వంగా ఉండేది.

మొన్నటేడు ఎండాకాలం ఆ కథే మా కొంప ముంచింది.

మా ఊరు మోతె మండలంలో, ఖమ్మం రోడ్డు పక్కన. ఊరి నుంచి కుంటకు గొర్ల బాట ఉంది. ఉంది అనకూడదు, ఉండేది. శివరాత్రి వెళ్ళిన వారానికి దానికి అడ్డంగా గోడ లేచింది. అటూ ఇటూ భూములు కొన్న వెంచర్ వాళ్ళు మధ్యలో బాటను కూడా కలిపేసుకుని, ప్లాట్లు కొట్టి, రాళ్ళు పాతి, గేటు పెట్టారు. గేటుకు రెండు పక్కలా సిమెంటు సింహాలు. ఇంకా ఒక్క ఇల్లు కట్టలేదు గానీ సింహాలు మాత్రం తయారు. మందను నీళ్ళకు తోలాలంటే నాలుగు లైన్ల రోడ్డెక్కించి, చుట్టూ తిప్పి తీసుకుపోవాల్సిందే.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా మా నాయిన లక్ష్మీనర్సయ్య ఫోన్ చేశాడు. నేను సూర్యాపేటలో ఒక గ్రంథాలయంలో అటెండర్ని, ఔట్‌సోర్సింగ్. ర్యాకుల దుమ్ము దులుపుతున్నాను.

“సంగీతా, లారీ తొక్కిచ్చిండు బిడ్డ. పదకొండు పోయినయి. అన్ని సూడి గొర్లే.”

ఆయన ఏడవలేదు. సూడి గొర్రె అంటే కడుపుతో ఉన్న గొర్రె. పదకొండని ఆయన అన్నాడు గానీ, నా లెక్కలో అవి ఇరవై రెండు. నాకు లారీ డ్రైవరు మీద కోపం రాలేదు. ఆ సింహాల మీద వచ్చింది. ఆ ఎండాకాలమంతా ఆ కోపం నా ఒంట్లోంచి దిగలేదు, ఇప్పటికీ దిగలేదు.

నాయినా నేనూ దరఖాస్తు పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళాం. అక్కడి సారు ఊరి భూముల నక్ష తిరగేసి, వేలితో రెండుసార్లు అటూ ఇటూ వెతికి, తల అడ్డంగా ఊపాడు.

“నక్షలో బాట లేదు.”

“కాళ్ళ కింద ఉన్నది సార్. మా తాత కాడి నుంచి అండ్లనే తోల్తున్నం” అన్నాడు నాయిన.

“అందరూ అట్లాగే అంటారు పెద్దాయనా. రాతపూర్వకంగా ఏదైనా ఆధారం ఉంటే తెచ్చుకోండి, విచారణ పెడతాను.”

పొద్దస్తమానం పుస్తకాల మధ్య బతికేదాన్ని నేను. రాతే కదా కావాల్సింది, తెస్తా చూడు అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ కునుకు తీస్తుంటే నేను మా స్థానిక చరిత్ర ర్యాకు ముందు నేల మీద కూర్చునేదాన్ని. పాత గెజిటీర్లు, బడుల సావనీర్లు, పెద్దమనుషుల జీవిత చరిత్రలు, ఆలయాల చరిత్రలు. చదివిన కొద్దీ ఒళ్ళు మండింది. ఏ దొర గడీకి ఎన్ని గదులో రాశారు, ఆయన గుర్రం పేరు రాశారు, ఆయన కుక్క పేరు కూడా రాశారు. ఈ జిల్లాలో సగం పొలాలు గొర్రెల మందలు రాత్రిళ్ళు పడుకుని ఎరువేస్తే పండినవే. ఆ మందల గురించి ఒక్క ముక్క లేదు. మా వాళ్ళు కనిపించేది ఒకటే చోట, జాతర ఫోటోలో గొంగడి కప్పుకుని, పేర్లు లేకుండా.

మూడో వారంలో ఒక పాత పుస్తకాల జాబితా దొరికింది. అరవైల్లో సర్కారు అక్కడక్కడా కొన్ని ఊళ్ళను ఎంచుకుని రాయించిన పుస్తకాల పేర్లున్నాయి అందులో. ఒక వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. ‘రావులకుంట: గ్రామ పరిశీలన. భూములు, బాటలు, పశువులు, వృత్తులు.’ కింద ప్రతులు ఉన్నచోట కోదాడ అని ఉంది.

బాటలు, పశువులు! ఇంకేం కావాలి? పుస్తకాన్ని కళ్ళతో చూసేదాకా కూడా ఆగలేదు నేను. ఆ సాయంత్రమే దరఖాస్తులో ‘మా బాటకు ఆధారం ఈ పుస్తకమే, విచారణ రోజు ప్రతి సమర్పిస్తాం’ అని పేరుతో సహా రాసి ఇచ్చేశాను. సారు ఇరవై రోజుల గడువిచ్చి, వెంచర్ వాళ్ళకూ ఒక నకలు పంపాడు.

జీపు కథ నీకు గుర్తుకు రాలేదా అని తర్వాత చాలామంది అడిగారు. రాలేదు. అది మా ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకునే కథ. అది ఎక్కడో అచ్చయి కూర్చుందని ఎవరికి తడుతుంది?

కోదాడలో ఆ పుస్తకం ఉండాల్సింది ఒక ట్రస్టు వాళ్ళ చదువుల గదిలో. చూసుకునే ఆవిడ పేరు నాగరాణి. నేను చెప్పిన పేరు విని చెక్క సొరుగు లాగి, పసుపు పచ్చబడ్డ కార్డొకటి తీసి చూపించింది.

“కార్డు ఇక్కడే ఉందండి. పుస్తకం మటుకు మిర్యాలగూడ వెళ్ళిపోయింది. మా రేకులు కారతన్నాయని తులసీరాం మాస్టారు వచ్చి పాతవన్నీ ఆటోలో వేసుకెళ్ళారు. లేకపోతే ఈపాటికి చెదలు తినేసేవి.”

నేను హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్ళే బస్సు ఎప్పుడుందని అడిగాను. ఆవిడ టైం చెప్పి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“మొన్న ఇంకొకాయన కూడా ఇదే పుస్తకం కోసం వచ్చారండి. తెల్ల చొక్కా, చేతికి కడియం. మీ వాళ్ళేనా?”

మా వాళ్ళు కాదు. చేతికి కడియమున్నవాణ్ణి నేను సింహాల గేటు దగ్గర చూశాను, వెంచర్ మేనేజరు. మా దరఖాస్తులో నేనే రాసిచ్చిన పేరు పట్టుకుని, నాకంటే ముందు బయల్దేరాడు. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇంకొకరు తిడితే ఊరుకునేదాన్ని కాదు.

తులసీరాం సారు రిటైరైన హెడ్మాస్టరు, తండా నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. రైసుమిల్లుల వైపు ఇంటి మేడ మీద సొంతంగా పుస్తకాల గది పెట్టుకున్నాడు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి ఒక పుస్తకం ముందేసుకుని, ఎవరో పెన్సిలుతో గీసిన గీతల్ని రబ్బరుతో తుడుస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

“పుస్తకంల గీతలు గీసెటోని చెయ్యి ఇరగ్గొట్టాలె.”

నాకు ఆయన వెంటనే నచ్చాడు. మా దగ్గరా అంతే. మార్జిన్లలో రాతలు రాసే పాఠకుల్ని నేను అందరి ముందూ దులిపేస్తాను. పుస్తకం పేరు చెప్పగానే ఆయన లేచి, వెతుక్కోకుండా సరాసరి ఒక ర్యాకులోంచి తీసి నా ముందు పెట్టాడు.

“నిన్ననే ఒకాయన వచ్చి జిరాక్స్ తీస్కపోయిండు.”

“ఎందుకిచ్చిండ్రు సార్?”

“గదేం మాట బిడ్డ? నువ్వడిగితే ఇయ్యలేదా? పుస్తకం అందరిది.”

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మా ఊరి గుట్టలున్నాయి, మా కుంట ఉంది, వేసిన పంటలున్నాయి. పశువుల పేజీ వచ్చింది. నేను డిగ్రీ చదివినదాన్ని, ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. అయినా అక్కడ మూడుసార్లు చదివాను.

‘ఈ గ్రామంలో గొర్రెల పెంపకం లేదు. మందలు తిరిగే బాట గానీ మేత భూమి గానీ లేవు. గొల్ల కులానికి చెందిన బీరయ్య అనే పెద్దమనిషి ఈ సంగతిని స్వయంగా ధ్రువపరిచాడు. గ్రామస్థులు పేదవారైనా మమ్మల్ని చిక్కటి పాలతో ఆదరించారు.’

పాల దగ్గరికి వచ్చేసరికి నాకు నాయనమ్మ నవ్వు వినిపించింది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, పేజీ పైచివర నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంది. ఒక్క లాగు లాగితే చాలు.

సారు రబ్బరు పక్కన పెట్టాడు. నా చేతి వైపే చూస్తున్నాడు.

“చింపుతవా? చింపు. గాయన కాడ జిరాక్స్ ఉన్నది.”

నేను వేళ్ళు వదిలేశాను. నేనూ ఒక జిరాక్స్ తీసుకుని బస్టాండుకు నడిచాను.

ఆ సాయంత్రం మా వాకిట్లో మంచం మీద కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ చదివాను. నాయిన కింద గొంగడి మీద కూర్చున్నాడు. నాయనమ్మ గోడకానుకుని ఒక్కగానొక్క మేకకు తుమ్మకాయలు తినిపిస్తోంది. బీరయ్య పేరు రాగానే, “అగో, మా మామ!” అని సంబరపడింది. చిక్కటి పాలు అనగానే అలవాటుగా కిసుక్కున నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

“అంటే… గాయన రాసుకుండా?”

“రాసుకుండు. అచ్చేసిండ్రు” అన్నాను.

నాయిన తన తల్లిని గట్టిగా ఒక మాటనడం నేను పుట్టాక చూడలేదు. ఆ రోజు లేచి నిలబడి అరిచాడు.

“అరవై ఏండ్ల నుంచి ఊరూరా చెప్పుకుంట నవ్వుతివి గదనే అవ్వా! మన నోటితోనే మన బాట లేదని చెప్పి, పాలు వోసి మరీ పంపిస్తిరి గదనే! ఇప్పుడు నవ్వు! పదకొండు పోయినయి, నవ్వు!”

నాయనమ్మ మేక మెడ మీద చెయ్యి తియ్యలేదు.

“పుల్లరి ఏడికెల్లి కడ్తుమురా? లేవంటెనే బతికినయి అప్పుడు. గా బతికిన గొర్ల కడుపునే నీ గొర్లు పుట్టినయి.”

“ఉన్నయి గూడ పోతయి ఇగ!”

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. బీరయ్య మీద వచ్చింది. పాలు తాగిన ఆఫీసరు మీదైతే చెప్పనే అక్కర్లేదు. జీపు దిగి, ఒక్క ముసలాయన్ని అడిగి, గొర్రె పెంటికల వాసన ముక్కుకు తగులుతున్నా లేవని రాసుకుపోయినవాడి మాట చరిత్ర. రోజూ పొద్దునే ఆ బాట మీద నడిచే మా నాయిన మాట మాత్రం ఎందుకూ కొరగాదు.

విచారణకు నాయనమ్మను ఎవరూ రమ్మనలేదు. ఆమే ముందొచ్చి ఆటోలో కూర్చుంది.

ఆఫీసులో మేనేజరు మా ఎదురుగా కూర్చున్నాడు. సారు బల్ల మీద అప్పటికే ఆ పేజీ జిరాక్స్ ఉంది, పసుపు రంగు మార్కరు పూసి మరీ ఇచ్చారు.

“ఈ పుస్తకమే మా ఆధారం అని మీరే రాశారు కదా. ఇందులో గొర్రెలే లేవంటున్నారే?” అన్నాడు సారు.

నేను గొంతు సవరించుకుంటుండగానే నాయనమ్మ లేచింది.

“సారూ, గది అబద్ధం. గది చెప్పినోడు మా మామ. జీపొచ్చిన్నాడు మందను గుట్టలకు తోల్కపోయింది నేను. ఏ బాటెంట తోల్కపోయిననో చెప్పాల్నా? ఇప్పుడు సింహాలు కూసున్నయే, గా బాటెంటనే తోల్కపోయిన.”

“అప్పుడు అబద్ధం చెప్పారు సరే. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలమ్మా?”

“పాలు తాగినమని రాసుకున్నరు గద సారూ. గొర్లు లేవు, మేకలు లేవు అంటిమి. మరి గా పాలు యాడియి?”

మేనేజరు నవ్వాడు. అతని నవ్వు చూసి గుమాస్తా నవ్వాడు. సారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“బర్రె పాలై ఉంటాయిలే అమ్మా. కూర్చోండి.”

అరవై ఏళ్ళు ఆ పాల దగ్గర మేం నవ్వాం. ఆ రోజు వాళ్ళు నవ్వారు. నాయనమ్మ కూర్చోలేదు. ఆ నవ్వు ఆగేదాకా అలాగే నిలబడి, ఒక్కొక్కరి మొహం చూసి, బయటికి నడిచింది. నాకు ఆ బల్ల ఎత్తి వాళ్ళ నెత్తిన వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. సంతకం చెయ్యమన్నచోట చేసి వచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. బాట ఉన్నట్టు ఆధారాలు లేనందున, దరఖాస్తుదారులు చూపిన గ్రంథమే దానికి విరుద్ధంగా ఉన్నందున, దరఖాస్తు తిరస్కరించడమైనది.

మృగశిర కార్తెకు ముందు రోజు నాయిన మందను అమ్మేశాడు. కొన్నవాళ్ళు రెండు వ్యాన్లు తెచ్చారు. గొర్రెలు వ్యానెక్కవు, ముందు నడిచే మేకను ఎక్కిస్తేనే వెనక ఎక్కుతాయి. ఆ మేక నాయనమ్మది. ఆమె తాడు పట్టుకుని దాన్ని ఎక్కించింది, మంద మొత్తం దాని వెనకే ఎక్కింది, తర్వాత ఆమె మేకను దింపుకుని వచ్చేసింది. రెండో వ్యానుకూ అలాగే చేసింది. నాయిన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మరునాడు పొద్దున వాన చినుకులు పడుతుంటే నాయనమ్మ కొత్త చీర కట్టుకుని నా ముందు నిలబడింది.

“పిల్లా, నన్ను గా పుస్తకం కాడికి తోల్కపో.”

“ఎందుకు నాయనమ్మా? నువ్వు సదువుతవా?”

“సదువ రాకనే గద గిట్లయింది. తోల్కపో.”

సూర్యాపేటలో బస్సు మారి మిర్యాలగూడ చేరాం. తులసీరాం సారు మేడ మెట్లు ఆమె నాలుగుచోట్ల ఆగి ఎక్కింది. సారు కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. నేనేం చెప్పకుండానే పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. నాయనమ్మ ఆ అక్షరాల మీద అరచేయి ఆనించింది.

“మా మామ పేరేది?”

నేను వేలితో చూపించాను. ఆమె దాని పక్కన ఖాళీగా ఉన్న జాగాను చూసింది. మార్జిన్.

“గీడ రాయి. ఇది అబద్ధం, పుల్లరికి భయపడి చెప్పినం, గొర్లు ఉండె, బాట ఉండె, తోల్కపోయింది నేనే అని రాయి. నాంచారమ్మ అని రాయి.”

నేను సారు మొహం చూశాను. ఆయన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టి ఉంది, పుస్తకాలలో ఏమీ రాయరాదు అని. మా గ్రంథాలయంలో ఆ బోర్డు నేనే తగిలించాను. సారు గోడ మీది ఆ అక్షరాల వైపు ఒకసారి చూశాడు. తర్వాత బల్ల మీది పెన్సిలు తీసి సొరుగులో వేసి, జేబులోంచి తన పెన్ను తీసి నాకిచ్చాడు.

“పెన్సిలుతోటి రాయకు బిడ్డ. నాకు తుడిసే అలవాటున్నది.”

రాశాను. తెలుగులో, నీలం సిరాతో, ఆ ఇంగ్లీషు అచ్చు పక్కన ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాసింది చదివి వినిపిస్తే ఆమె తలూపింది. సారు గ్రంథాలయం ముద్ర వేసే స్టాంపు ప్యాడు మూత తీసి ముందుకు జరిపాడు. నాయనమ్మ ఎడమ బొటనవేలు అద్ది, తన పేరు కింద వత్తింది. వేలు తీసి, మెడ వంచి చూసుకుంది.

“సారూ, గీ పుస్తకం ఎవరన్న సదువుతరా?”

“ఉన్నదున్నట్టు చెప్పాల్నంటే అమ్మా, ఇరవై ఏండ్లల్ల గా జిరాక్స్ తీస్కపోయినాయినె, మీ మనుమరాలు. ఇద్దరే.”

నాయనమ్మ మళ్ళీ ప్యాడు దగ్గరికి లాక్కుంది.

“అయితే ఇంకోటి గూడ ఎయ్యనియ్యి. ఒక్కటుంటే మరకనుకుంటరు.”